గొట్టానికి పట్టే పాచి

విశాఖ చేపల రేవులో మరపడవలు ఉంటాయి. నెలల తరబడి నీళ్ళలో నానిన పడవను ఒడ్డుకు తీస్తారు. అప్పుడు దాని అడుగు తాకి చూడండి. చెయ్యి జారుతుంది. అది పాచి. నీళ్ళు పోస్తే పోదు. గీకాలి. నీళ్ళ కుండీకీ పాచి పడుతుంది. తోముకోకపోతే మన పళ్ళకీ పడుతుంది.

పాచి అంటే ఏమిటి? కంటికి కనబడని క్రిములు ఒకచోట గుంపుగా చేరతాయి. జిగురు ఊరిస్తాయి. ఆ జిగురులోనే కాపురం పెడతాయి. డాక్టర్లు దీన్ని బయోఫిల్మ్ అంటారు.

ఇలాంటి పాచి రోగికి పెట్టిన గొట్టానికి కూడా పట్టవచ్చు. అప్పుడు ప్రాణం మీదికి వస్తుంది.

ఈ క్రిమి ఏది?

కల్లును పులియబెట్టేది ఈస్టు. బేకరీ రొట్టెను పొంగించేదీ ఈస్టే. కాండిడా కూడా ఒక రకం ఈస్టు. ఒక మిల్లీమీటరు పొడవులో సుమారు 200 కాండిడాలు పడతాయి. అంత చిన్నది. అది మన నోట్లో, పేగుల్లో, చర్మం మీద ఉంటుంది. ఒంట్లో సత్తువ ఉన్నంతకాలం సాధారణంగా అణిగి ఉంటుంది.

విశాఖలో కింగ్ జార్జి ఆసుపత్రి 1923లో మొదలైంది. శ్రీకాకుళం, విజయనగరం, మన్యం ఊళ్ళ నుంచి, ఒడిశా నుంచి రోగులు అక్కడికి వస్తారు. ఇలాంటి పెద్దాసుపత్రి ఏ దేశంలో ఉన్నా, జబ్బు ముదిరినవాళ్ళకు గొట్టాలు పెట్టక తప్పదు. మెడ దగ్గర రక్తనాళంలో ఒకటి. మూత్రానికి ఒకటి. నీరసించిన రోగులు, నెలలు నిండని పసికందులు, ఒళ్ళు కాలినవాళ్ళు కాండిడాను తట్టుకోలేరు.

పాచి ఎలా కడుతుంది?

ముందు కాండిడా గొట్టానికి అంటుకుంటుంది. మొగ్గ తొడిగినట్టు ఒకటి రెండవుతుంది. రెండు నాలుగవుతాయి. కొన్ని రకాలు దారాల్లా సాగుతాయి. పైన జిగురు పొర కప్పుకుంటాయి. ఇదంతా ఒకటి రెండు రోజుల్లోనే జరగవచ్చు.

ఇక మందు సరిగా పనిచేయదు. జిగురు మందును అడ్డుకుంటుంది. లోపలి క్రిములు బతికిపోతాయి. వాటిలో కొన్ని ఊడి రక్తంలో కలుస్తాయి. చలిజ్వరం వస్తుంది. కళ్ళకీ, గుండెకీ, మూత్రపిండాలకీ పాకవచ్చు. అందుకే డాక్టర్లు మందు ఇస్తూనే, వీలైతే ఆ గొట్టం తీసేస్తారు.

కాండిడాలో ఆరిస్ అనే రకం ఉంది. దాన్ని 2009లో జపానులో గుర్తించారు. చాలా మందులకు అది లొంగదు. భారతదేశంలోనూ ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో దాన్ని అతి ప్రమాదకరమైన బూజు క్రిముల్లో చేర్చింది.

మనం ఏం చేయాలి?

ఆసుపత్రిలో రోగి పక్కన కూర్చునేది ఎక్కువగా ఆడవాళ్ళే. వాళ్ళు చేయగలిగినవి ఇవి:

రోగిని ముట్టుకునే ముందు, ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

గొట్టాన్ని లాగకూడదు. మనంతట మనం తీయకూడదు.

మూత్రం సంచి రోగి నడుము కంటే కిందికి వేలాడాలి. నేలకు తగలకూడదు.

గొట్టం దగ్గర ఎరుపు, వాపు, చీము కనబడినా, రోగికి చలి పుట్టినా వెంటనే చెప్పాలి.

ప్రతిరోజూ అడగాలి: "సిస్టర్ గారూ, ఈ గొట్టం ఇంకా అవసరమా అండీ?"

అలా అడగడం తప్పు కాదు. అవసరం తీరిన గొట్టం ఎంత త్వరగా తీస్తే రోగికి అంత మంచిది. గొట్టమే లేకపోతే దానికి పాచి పట్టేదెక్కడ?