ఖరీదైన వాచీ - సముద్ర స్నానం
(రేడియో ప్రసంగం)



విశాఖపట్నంలో కాపురమున్న వాళ్ళకి సముద్రం ఇంటి వెనక దొడ్డిలాంటిది. చుట్టాలొచ్చినా, పిల్లలకి సెలవులొచ్చినా రామకృష్ణా బీచికో, ఋషికొండకో బయల్దేరతాం. ఇదివరకైతే కెరటాల్లో కాళ్ళు తడుపుకుని వచ్చేసేవాళ్ళం. ఇప్పుడు ఋషికొండలో స్పీడుబోటు, జెట్‌స్కీ, స్కూబా డైవింగు అన్నీ వచ్చాయి. పండక్కి వచ్చిన కొత్తల్లుడు మనం పెట్టిన ఖరీదైన వాచీతోనే నీళ్ళలోకి దిగుతానంటాడు. "ఏం ఫరవాలేదు అత్తయ్యగారూ, దీనిమీద వంద మీటర్లని రాసుంది" అంటాడు. ఆ వంద మీటర్లకి అర్థమేమిటో ఈ పూట చెప్పుకుందాం.

ముందుగా వాచీలోకి నీళ్ళు ఎలా పోతాయో చూడండి. దానికి మూడు దారులున్నాయి. ముందు అద్దం, వెనక మూత, పక్కన మనం తిప్పే కీ. ఈ మూడు చోట్లా సన్నని రబ్బరు రింగులుంటాయి. మన వంటింట్లో ప్రెషర్ కుక్కరు గాస్కెట్ చేసే పనే ఇవీ చేస్తాయి. కుక్కరు ఆవిరిని బయటికి పోనివ్వదు, వాచీ నీటిని లోపలికి రానివ్వదు, అంతే తేడా. గాస్కెట్ పాతబడి గట్టిపడితే కుక్కరు ఎంత మంచి కంపెనీదైనా ఆవిరి కారిపోతుంది కదా! వాచీ సంగతీ అంతే.

ఇక అంకెల మాట. నీటిలో పది మీటర్లు దిగినకొద్దీ, మనచుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత ఒత్తిడి అదనంగా పడుతుంది. వంద మీటర్ల వాచీ అంటే అలాంటి పదింతల ఒత్తిడికి తట్టుకుందని లెక్క. కాని ఆ పరీక్ష కొత్త రింగులున్న కొత్త వాచీకి జరిగింది. అంతేగాని మన అల్లుడు వంద మీటర్ల లోతుకు దిగవచ్చునని కాదు. వాడుకలో లెక్క ఇలా పెట్టుకోండి. 30 మీటర్లని ఉంటే చేతులు కడుక్కోవడానికి, వాన చినుకులకి సరిపోతుంది. 50 అంటే నెమ్మదిగా ఈత కొట్టవచ్చు. 100 ఉంటే ఈతకీ, పడవ ఆటలకీ పనికొస్తుంది. స్కూబా డైవింగుకి మాత్రం 200 మీటర్లదై, డైవర్స్ వాచీ అని రాసున్నది కావాలి. ఆ రకం వాచీలను రాసినదానికంటే నాలుగోవంతు ఎక్కువ ఒత్తిడి పెట్టి పరీక్షిస్తారు. అసలు ఏమీ రాసి లేకపోతే నీళ్ళ దగ్గరికే తీసుకెళ్ళకండి. బీరువాలో ఉన్న నాన్నగారి పాత హెచ్.ఎం.టి. వాచీ ఈ లెక్కలోకే వస్తుంది.

రెసిస్టెంటు అంటే నీటిని ఎదుర్కొంటుందని అర్థం గాని, ఎన్నటికీ రానివ్వదని కాదు. చెమట, సెంటు, ఒంటికి రాసుకునే క్రీములు, వేణ్ణీళ్ళు, ఇవన్నీ రబ్బరుని తినేస్తాయి. ఎండలో కాగిన వాచీ ఒక్కసారి చల్లటి నీటిలో మునిగితే లోపలి గాలి కుంచించుకుని తేమని లోపలికి లాక్కుంటుంది. మా ఎరికలో ఒకావిడ కొడుకు వాచీకి సెల్లు మార్పించారు. వెనక మూత బిగించేటప్పుడు రింగు నలిగిపోయిన సంగతి ఎవరూ చూడలేదు. ఆ అబ్బాయి బీచికెళ్ళి వచ్చేసరికి అద్దం లోపల ఆవిరి పట్టేసింది. అందుచేత సెల్లు మార్చిన ప్రతిసారీ రింగు కూడా చూపించి, ఒత్తిడి పరీక్ష చేయించమనండి. నీళ్ళలో ముంచకుండా గాలితోనే పరీక్షించే యంత్రాలున్నాయి.

ఉప్పునీటి సంగతి మన ఊరివాళ్ళకి చెప్పక్కర్లేదు. ఉక్కు తయారుచేసే ఊళ్ళోనే ఉప్పుగాలికి కిటికీ ఊచలు తుప్పు పడుతున్నాయి! వాచీకి వాడే స్టెయిన్‌లెస్ స్టీలులో క్రోమియం ఉంటుంది గనక అంత త్వరగా తుప్పు పట్టదు. అయినా చెయిన్ అతుకుల మధ్య ఉప్పు ఎండిపోతే అక్కడ చిన్న చిన్న గుంటలు పడతాయి. తోలుబెల్టు కుళ్ళి వాసనేస్తుంది. సముద్రం నుంచి రాగానే కీ గట్టిగా బిగించి ఉందో లేదో చూసుకుని, కుళాయి నీళ్ళ కింద కడిగి, మెత్తటి గుడ్డతో తుడవాలి. నీటిలో ఉండగా కీ బయటికి లాగకూడదు.

చరిత్రలో ఒక స్త్రీ కథ ఉంది. రోలెక్స్ కంపెనీ 1926లో ఆయిస్టర్, అంటే ఆల్చిప్ప, అనే పేరుతో వాచీ చేసింది. 1927 అక్టోబరులో మెర్సిడెస్ గ్లైట్జ్ అనే లండన్ టైపిస్టు ఇంగ్లీషు ఛానెల్ ఈది, ఆ పని చేసిన మొదటి బ్రిటిష్ మహిళ అయింది. కొందరు నమ్మకపోతే అదే నెల 21న మళ్ళీ దిగింది. మెడలో ఆ వాచీ వేలాడుతోంది. పది గంటలు దాటాక, చలికి తట్టుకోలేని స్థితిలో ఆమెను పడవలోకి లాగారు. వాచీ మాత్రం ఆడుతూనే ఉంది. ఆ వాచీ కొత్తదనీ, కీ బిగించి ఉన్నదనీ మరిచిపోకండి.

క్రికెట్టు, వాలీబాల్ ఆడేటప్పుడు కీ ఇచ్చే వాచీ తీసేయడమే మేలు. లోపలి చక్రాల ఇరుసులు అతి సన్నం. దెబ్బలకి తట్టుకునే వాచీలకి పెట్టే పరీక్ష మీటరు ఎత్తు నుంచి గట్టి చెక్కమీద పడితే తగిలేపాటి దెబ్బ. బ్యాటు తగిలిన బంతి దెబ్బ వేరు.

ఒకవేళ ఉప్పునీరు లోపలికి పోతే బియ్యం డబ్బాలో పెట్టకండి. బియ్యం తేమ పీలుస్తుందేమో గాని ఉప్పును పీల్చదు. ఆలస్యం చేయకుండా అదే రోజు బాగుచేసేవారి దగ్గరకు పంపండి.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇంకొకటి. కెరటంలో వాచీ జారిపోతే దానికోసం వంగి వెతకవద్దని పిల్లలకి ముందే చెప్పండి. మన తీరంలో కొన్నిచోట్ల నీరు మనిషిని లోపలికి లాక్కుపోతుంది. రామకృష్ణా బీచిలో ఎన్ని ప్రాణాలు పోయాయో మీకు తెలియనిది కాదు. లక్ష రూపాయల వాచీ అయినా మళ్ళీ కొనుక్కోవచ్చు. అందుకే అల్లుడితో, "ఆ వాచీ నా హాండుబ్యాగులో వేసి వెళ్ళు నాయనా" అనండి. మొహమాటపడకండి.