చక్రములపై ఇల్లు: నీటి ఏర్పాట్లు, సామాను అర

బండినే ఇల్లుగా చేసికొని తిరుగుట మనకు క్రొత్త కాదు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యము వేసికొని బిడారులు కట్టి దేశమంతట తిరిగిన లంబాడీలు తమ సంసారమును కూడ వెంటనే గొనిపోయెడివారు. పాశ్చాత్య దేశములలో ఇది వినోదముగా మారినది. ఇంగ్లండులో గార్డన్ స్టేబుల్స్ అను వైద్యుడు 1885లో 'వాండరర్' అను గుఱ్ఱపు బండిని కేవలము విహార యాత్రలకై చేయించుకొనెను. మోటారుకారు వచ్చిన పిమ్మట అట్టి బండ్లు కారు వెనుక తగిలించి లాగెడి ట్రైలరు ఇండ్లయినవి. సినిమా చిత్రీకరణ జరుగు చోట నటుల విశ్రాంతికై నిలుపు 'కారవాను'ను మనలో పలువురు చూచియే యుందురు.

ఖమ్మము నుండి భద్రాచలము వైపు పోవు వారికి ఇట్టి బండి యొక్క అవసరము సులభముగా తెలియును. 'భద్రాచలం రోడ్' అను రైలుస్టేషను కొత్తగూడెములో నున్నది. అచ్చట దిగినవారు భద్రాచలము చేరుటకు ఇంకను సుమారు 40 కిలోమీటర్లు రోడ్డుమీద పోవలెను. భద్రాచలము దాటి చింతూరు మీదుగా మారేడుమిల్లి ఘాటు ఎక్కినచో చాల దూరము అడవియే. యాత్రికుల వ్యానుకైనను, వైద్యులు మందులతో పోవు బండికైనను, అడవిలో పరిశోధన చేయువారి ట్రైలరుకైనను అచ్చట నీరు, సామాను రెండును లోపలనే ఉండవలెను.

అయితే ఇంటిలో కుళాయి పెట్టినట్లే బండిలోను పెట్టినచో చాలదా? చాలదు. ఇల్లు కదలదు, నీటి బరువును నేల మోయును, వాడిన నీరు కాలువలో కలియును. బండిలో ఈ మూడు సౌకర్యములలో ఒక్కటియు లేదు. కనుక పాత బండిలోని నీటి ఏర్పాటును బాగుచేయ దలచినవారు గొట్టముల కంటె ముందు బరువును గురించి యోచింపవలెను.

ఎంత నీరు? ఎంత బరువు?

ఒక్కొక్కరికి దినమునకు త్రాగుటకు 3 లీటర్లు, వంటకు 2 లీటర్లు, చేతులు, పాత్రలు కడుగుటకు 5 లీటర్లు పొదుపుగా వాడినచో సరిపోవును. నలుగురు రెండు దినములు గడపుటకు 80 లీటర్లు కావలెను. కొంత మిగులు ఉండునట్లు 100 లీటర్ల తొట్టి పెట్టుదమనుకొందము. లీటరు నీరు కిలో బరువు గనుక, తొట్టి నిండినప్పుడు బండిపై 100 కిలోలు పడును.

ఈ బరువు ఘాటు రోడ్డులో ఏమి చేయునో ఒక చిన్న లెక్కవలన తెలిసికొనవచ్చును. 100 కిలోల నీరు 300 మీటర్ల ఎత్తునుండి దిగినచో, బ్రేకులు వేడి రూపమున హరింపవలసిన శక్తి, ఒక లీటరు నీటిని మరుగు స్థితికి తెచ్చుటకు చాలును. ఇది నీటి భాగము మాత్రమే. బండి బరువంతయు దానికి కలుపుకొనవలెను. అక్కరలేని నీటిని మోసికొని పోరాదనుటకు ఇంతకంటె వేరు కారణము అక్కరలేదు.

ఏతాము చెప్పు పాఠము

రెండు చక్రముల ట్రైలరు మన ఏతాము వంటిది. ఇరుసు దాని ఆధారము. ముందు కొన కారు కొక్కెముపై ఆనియుండును. బరువును ఇరుసునకు ముందు పెట్టినచో కొక్కెము క్రిందికి నొక్కబడును. వెనుక పెట్టినచో అది పైకి లేవజూచును. ట్రైలరు మొత్తము బరువులో నూటికి 10 నుండి 15 వంతులు కొక్కెము మీద ఉండుట మంచిదని అనుభవము. 1000 కిలోల ట్రైలరుకు ఇది 100 నుండి 150 కిలోలు.

ఇరుసునకు, కొక్కెమునకు నడుమ దూరము 3.5 మీటర్లు అనుకొందము. 40 కిలోల పనిముట్ల పెట్టెను ఇరుసునకు 2 మీటర్లు వెనుకనున్న అరలో పెట్టినచో, కొక్కెము మీద 40×2÷3.5, అనగా సుమారు 23 కిలోల భారము తగ్గును. తగ్గినది కొంచెమే కదా యని ఊరకుండరాదు. వెనుక బరువు హెచ్చినకొలది బండి తోక అటునిటు ఊగుట హెచ్చును. ఒక వేగము దాటిన తరువాత ఆ ఊపు తనంతట తగ్గక, ఊపునకు ఊపు పెరుగుచు కారునే ప్రక్కకు లాగును. ప్రమాదము ఇచ్చటనే ఉన్నది. అట్టి సమయమున స్టీరింగును అటునిటు త్రిప్పక, నిలకడగా పట్టుకొని, ఆక్సిలరేటరు మీది కాలు తీసి, మెల్లగా వేగము తగ్గనీయవలెను.

ఇందులో పలువురి దృష్టికి రాని సంగతి యొకటి కలదు. మంచినీటి తొట్టి ఇరుసునకు 1 మీటరు ముందు, మురుగునీటి తొట్టి 1.5 మీటర్లు వెనుక ఉన్నవనుకొందము. రెండు దినములలో ముందు తొట్టిలోని 100 కిలోలును వెనుక తొట్టిలోనికి పోవును. బండి మొత్తము బరువు మారలేదు. కాని కొక్కెముపై భారము 100×2.5÷3.5, అనగా సుమారు 71 కిలోలు తగ్గిపోయినది! బయలుదేరినప్పుడు నెమ్మదిగా వచ్చిన బండి తిరుగు ప్రయాణములో పెంకెతనము చేయుటకు ఇది యొక కారణము. కనుక రెండు తొట్లను ఇరుసునకు సాధ్యమైనంత దగ్గరగా, నేలకు తక్కువ ఎత్తున అమర్చుట ఉత్తమము. గరిమనాభి క్రిందికి దిగినకొలది మలుపులలో బండి ఒరుగుట తగ్గును. కుడి ఎడమల బరువు కావడి బద్దవలె సరితూగవలెను.

తొణుకుడు

నిండుకుండ తొణకదని సామెత. భౌతికశాస్త్రమును ఆ మాటనే చెప్పుచున్నది. నిండు తొట్టిలో నీరు కదలుటకు చోటు లేదు. సగము నిండిన తొట్టిలోని నీరు మాత్రము బ్రేకు వేయగనే జడత్వము వలన ముందునకు దూకి గోడను కొట్టును. దూరమునుండి నీళ్ళు మోయువారు కడవలో నాలుగు ఆకులు వేయుదురు. ఆకులు అల లేవకుండ అడ్డుపడును. తొట్టిలో రంధ్రములు గల అడ్డుపలకలు ఆ పనినే చేయును. పాత తొట్టిని మార్చునప్పుడు అడ్డుపలకలు గలదానిని ఎన్నుకొనవలెను. తొట్టి ఆహార పదార్థములకు తగిన ప్లాస్టిక్కుతో చేసినదై, వెలుతురు చొరనిదై యుండవలెను. వెలుతురు చొచ్చినచో పాచి పెరుగును. తొట్టికి గాలి గొట్టము తప్పనిసరి. నీరు బయటకు పోవునప్పుడు ఆ మేరకు గాలి లోనికి రానిచో పంపు తడబడును, పలుచని తొట్టి లోనికి సొట్టపడును. ఆ గొట్టము మూతికి దోమలు దూరని సన్నని జాలి బిగింపవలెను.

పంపు, గొట్టములు

పది మీటర్ల నీటి ఎత్తు చదరపు సెంటీమీటరుకు ఒక కిలో పీడనము కలిగించును. బండిలో తొట్టిని కుళాయి కంటె 1 మీటరు ఎత్తున పెట్టినను లభించు పీడనము దానిలో పదవవంతే; పైగా బరువు పైకెక్కును. కనుక తొట్టిని క్రిందనే ఉంచి, 12 వోల్టుల చిన్న పంపుతో నీటిని ఎక్కించుట మేలు. ఇందులో రబ్బరు పొర యొకటి ముందు వెనుకలకాడుచు నీటిని త్రోయును. కుళాయి కట్టగనే గొట్టములో పీడనము పెరిగి, స్విచ్చి తనంతట ఆరిపోవును. దీనికి ముందు ఇసుకను, నలుసులను పట్టుకొను జల్లెడ ఉండవలెను. నలుసు చిక్కిన కవాటము పూర్తిగా మూసికొనదు.

పొర ఆడునప్పుడెల్ల నీరు తుంపులు తుంపులుగా వచ్చును. దీనిని సరిచేయుటకు పంపు తరువాత చిన్న గాలి బుడ్డి నొకదానిని చేర్చుదురు. ఇచ్చట బాయిల్ సూత్రము పనిచేయుచున్నది. బుడ్డిలో లీటరు గాలి 2 యూనిట్ల పూర్ణపీడనమున ఉన్నదనుకొందము. పంపు పీడనమును 4కు పెంచినప్పుడు గాలి అర లీటరుకు కుదించుకొనును. మిగిలిన చోటులో నీరు చేరును. పీడనము 3కు దిగులోపల సుమారు 170 మిల్లీలీటర్ల నీరు పంపు తిరుగకయే బయటకు వచ్చును. గ్లాసెడు నీళ్ళకు మాటిమాటికి పంపు లేవనవసరము ఉండదు.

ఈ బుడ్డి వలన మరియొక మేలు కలదు. పారుచున్న నీటిని ఒక్కసారిగా ఆపినచో దాని జడత్వము సుత్తి దెబ్బవలె గొట్టమును తాకును. ఇనుప గొట్టములో సెకనుకు 1 మీటరు వేగముతో పారు నీటిని తటాలున ఆపినచో క్షణకాలము పీడనము చదరపు సెంటీమీటరుకు 13 కిలోల వరకు పెరుగవచ్చును. గాలి బుడ్డి ఆ దెబ్బను మెత్తబరచును.

గట్టి పి.వి.సి. గొట్టములు బండి అదురుకు అతుకుల వద్ద పగులును. వంగెడి స్వభావముగల పెక్స్ గొట్టములు ఇందుకు మేలు. కాని అవి వేడికి బాగుగా వ్యాకోచించును. 4 మీటర్ల గొట్టము 30 డిగ్రీల వేడి హెచ్చినప్పుడు సుమారు 2 సెంటీమీటర్లు సాగును. కొత్తగూడెము, భద్రాచలము ప్రాంతములలో వేసవియందు 45 డిగ్రీలు దాటు దినములు కలవు గనుక గొట్టమును తీగవలె లాగి కట్టక, కొంత వదులు ఉంచవలెను. రేకు గుండా పోవు చోట రబ్బరు తొడుగు వేయనిచో రేకు అంచు దానిని కోయును.

సామాను అర

సామాను అరకు మూడు పనులు కలవు: సామానును కదలనీయకుండుట, తడిని దుమ్మును రానీయకుండుట, గొట్టములను దాచియు చేతికి అందనిచ్చుట. బరువైనవి అడుగున, తేలికవి పైన పెట్టి పట్టీలతో బిగింపవలెను. తలుపు చుట్టు రబ్బరు అంచు, అడుగున నీరు కారిపోవుటకు చిన్న రంధ్రము ఉండవలెను. పంపు, కవాటములు, జల్లెడ ఎదుట విప్పదగిన పలక ఉండవలెను. గోడ నంతయు ఊడదీసిన గాని అందని కవాటము ఆపత్సమయమున లేనిదానితో సమానము.

గ్యాసు సిలిండరును, బ్యాటరీని ఒకే అరలో పెట్టుట ప్రాణాంతకము. వంటగ్యాసు గాలికంటె సుమారు ఒకటిన్నర నుండి రెండు రెట్లు బరువైనది. కారినచో నీటివలె క్రిందికి దిగి మూలలలో నిలుచును. కనుక సిలిండరు అర లోపలి గదితో సంబంధము లేనిదై, బయటి గాలి తగులునట్లు దాని *అడుగున* రంధ్రములు ఉండవలెను. బ్యాటరీ సంగతి దీనికి సరిగా వ్యతిరేకము. సీసపు బ్యాటరీ చార్జి అగునప్పుడు వెలువడు హైడ్రోజను గాలికంటె 14 రెట్లు తేలిక, అది పైకెగయును. కనుక దాని అరకు *పైన* రంధ్రములు కావలెను. రెంటికి నిప్పురవ్వ శత్రువు. పంపు స్విచ్చి గ్యాసు అరలో ఎన్నడును ఉండరాదు.

నీటి శుద్ధి

ఎంత మంచి తొట్టియైనను, అందులో పోయు నీరు చెడ్డదైన రోగములకు నిలయమగును. వానాకాలమున ఈ మాట మరింత నిజము. భద్రాచలము వద్ద గోదావరికి 43, 48, 53 అడుగుల వద్ద మూడు ప్రమాద హెచ్చరికలు ఇచ్చుదురు. 2022 జూలైలో నది 71 అడుగులు దాటినది. అట్టి వరదలో బావులు, బోర్లు మునిగి, ఎటు చూచినను నీరే యైనను త్రాగుటకు చుక్క దొరకదు. అప్పుడు శుభ్రమైన తొట్టిగల బండి యొక్కటి వచ్చినను ఊరికి మేలు చేయును.

చాలకాలము వాడని తొట్టిని మొదట క్లోరినుతో కడుగవలెను. లీటరుకు 50 మిల్లీగ్రాముల చొప్పున 100 లీటర్లకు 5 గ్రాముల క్లోరిను కావలెను. నూటికి 25 వంతుల క్లోరినుగల బ్లీచింగు పొడి యైనచో 20 గ్రాములు. దానిని వేరుగా నీటిలో కలిపి, తేటను మాత్రము తొట్టిలో పోసి, ప్రతి కుళాయిలోను క్లోరిను వాసన వచ్చువరకు వదలి, 4 గంటలు ఉంచి, పిమ్మట వాసన పోవువరకు మంచినీటితో కడుగవలెను. ఈ నీటిని ఎవరును త్రాగరాదు. బురదనీటిలో క్లోరిను సరిగా పనిచేయదు, ముందు తేర్చవలెను. మన పల్లెలలో బురదనీటిని తేర్చుటకు చిల్లగింజను అరగదీసి కలుపుట పూర్వాచారము. పటికయు ఆ పని చేయును. తేరినంత మాత్రమున సూక్ష్మజీవులన్నియు పోవు. పిమ్మట క్లోరిను వేయుటయో, కాచుటయో తప్పదు.

వాడిన నీరు

ఇంటి సింకు క్రింద వంపు గొట్టములో నిలుచు కొద్ది నీరు దుర్వాసన నాపును. బండి కుదుపులకు ఆ నీరు ఒలికిపోవుట కలదు. అందుచేత బండ్లలో నీరు పోవునప్పుడు మాత్రము తెరచుకొను రబ్బరు కవాటములను వాడుదురు. మురుగునీటిని కిన్నెరసానిలోనో, అడవి వాగులోనో వదలరాదు. అడవి జంతువులును, దిగువ గూడెములలోని కోయ కుటుంబములును ఆ నీటినే వాడుదురు. తొట్టిలో నిలువచేసి, మురుగు ఏర్పాటు గల చోటనే ఖాళీ చేయవలెను. మన రైళ్ళు ఈ పాఠము ఇదివరకే నేర్చినవి. రక్షణ పరిశోధన సంస్థ రూపొందించిన జీవ మరుగుదొడ్లను పెట్టెలలో అమర్చిన పిమ్మట మలము పట్టాలపై పడుట తొలగినది. ప్రాణవాయువు అక్కరలేని సూక్ష్మజీవులు దానిని నీరుగను, వాయువులుగను మార్చుచున్నవి.

చివరి పరీక్ష

పని ముగిసిన పిమ్మట తొట్టి నింపి, పంపు వేసి, కుళాయిలన్నియు కట్టి గంటసేపు వేచి చూడవలెను. ఎవరును నీరు వాడకుండ పంపు తనంతట ఒక్కసారి లేచినను ఎచ్చటనో కారుచున్నదని అర్థము. లేదా పంపు కవాటములో నలుసు చిక్కినది. తరువాత పది కిలోమీటర్లు గతుకుల దారిన నడిపి, ప్రతి అతుకును పొడిగుడ్డతో తుడిచి చూడవలెను. గుడ్డ తడి కానిచో, కొక్కెము మీద భారము తగినంత ఉన్నచో, బండి అడవి దారికి సిద్ధము.