పాలు రాని రోజుకు ఏం దాచాలి?

మొయినాబాద్ మండలం హిమాయత్‌నగర్‌లో ఉండే పెద్దవాళ్ళకు పాలు నిల్వ పెట్టుకోమని చెబితే నవ్వుతారు. చుట్టూ పాడి ఉన్న ఊళ్ళు, పొద్దున్నే గుమ్మంలోకి వచ్చే పాలాయన, కాదంటే కిరాణా కొట్టులో ప్యాకెట్. నిజమే. కానీ 2020 అక్టోబరులో కుండపోత వానకు హిమాయత్‌సాగర్ గేట్లెత్తి, నగరం చుట్టుపక్కల దారులు మునిగిన రోజుల్ని తలచుకుంటే, ఊళ్ళో పాలు ఉండటం వేరు, అవి గడప దాకా రావడం వేరని తెలుస్తుంది. కరెంటు పోయి ఫ్రిజ్ ఆగితే నిన్నటి పాలకూ పూచీ లేదు. ఒంటరిగా ఉండే వృద్ధ దంపతుల ఇంట్లో వారానికి సరిపడా ఏదో ఒకటి ఉండాల్సిందే. ఆ ఏదో ఒకటి ఏమిటన్నదే అసలు ప్రశ్న.

విదేశాల్లో ఉన్న పిల్లలు చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. తమ వంటింట్లో అలవాటైంది కదా అని బాదం పాలు, ఓట్స్ పాలు ఆన్‌లైన్‌లో తల్లిదండ్రులకు పంపిస్తారు. పాలు ఇంట్లో చేసే మొదటి పని కాఫీని తెల్లగా చేయడం కాదు. మాంసం తక్కువగా తినే పెద్దవాళ్ళకు మాంసకృత్తులూ కాల్షియమూ అందడంలో పాలూ పెరుగూ ముఖ్యం. వంద మిల్లీలీటర్ల ఆవుపాలలో మాంసకృత్తులు 3 గ్రాముల పైచిలుకు. సోయా పాలు దాదాపు ఆ స్థాయికి వస్తాయి. మార్కెట్లో దొరికే బాదం పాలలో చాలావాటికి ఒక గ్రాము కూడా ఉండదు. డబ్బాలో సింహభాగం నీళ్ళే. ఇంత ధర పెట్టి నీళ్ళు దాచుకోవడం ఎందుకు?

నా లెక్కలో నిల్వకు మొదటి ఎంపిక పాలపొడి. సుమారు 125 గ్రాముల వెన్న తీయని పొడితో లీటరు పాలు తయారవుతాయి. వెన్న తీసిన పొడి ఇంకా ఎక్కువ కాలం ఆగుతుంది, ముక్కవాసన పట్టడానికి అందులో కొవ్వు దాదాపు ఉండదు కనుక. తేమ తగలని డబ్బాలో, పొయ్యికి దూరంగా పెట్టాలి. మన ఎండాకాలం వేడికి గట్టిపడుతుంది. అయితే వరద రోజున పొడి కలపడానికి మంచినీళ్ళేవి అని అడగవచ్చు. ఆ అభ్యంతరం న్యాయమైనదే. అందుకే పొడితోపాటు నాలుగైదు టెట్రా ప్యాకులు కూడా ఉండాలంటాను. 135 డిగ్రీలకు పైగా కొన్ని సెకన్లు వేడిచేసి, సూక్ష్మజీవులు చొరబడకుండా నింపిన ఆ పాలు విప్పనంతవరకు ఫ్రిజ్ లేకుండానే నెలల తరబడి ఉంటాయి. విప్పాక మాత్రం ఫ్రిజ్‌లో పెట్టి, రెండు మూడు రోజుల్లో ముగించాలి.

అంత కాచిన పాలలో సత్తువ ఏముంటుందన్న సందేహం మనవాళ్ళలో గట్టిగా ఉంది. కొన్ని విటమిన్లు కొంత తగ్గుతాయి. మాంసకృత్తులూ కాల్షియమూ ఎక్కడికీ పోవు. తోడు వేస్తే పెరుగూ అవుతుంది. పాలు పొంగాక కూడా ఇంకో పది నిమిషాలు మరిగించే ఇళ్ళవాళ్ళు ఈ ఆక్షేపణ చేయడం కొంచెం వింతే!

పాలు పడనివాళ్ళ సంగతి వేరు. పాలపొడిలోనూ టెట్రా ప్యాకులోనూ వాళ్ళకు అరగని పాల చక్కెర, అంటే లాక్టోజ్, అలాగే ఉంటుంది. వీళ్ళకు కాల్షియం చేర్చిన, చక్కెర కలపని సోయా పాలు సరైనవి. కాఫీలో విరిగినట్టు కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది కాబట్టి రాగిపిండి డబ్బా కూడా నిల్వలో భాగమే. ఏడాది నిండని పసిబిడ్డకు మాత్రం వీటిలో ఏదీ తల్లిపాలకు బదులు కాదు. సగానికి దగ్గరగా చక్కెరే ఉండే కండెన్స్‌డ్ మిల్క్ అసలే పనికిరాదు. తల్లిపాలు చాలకపోతే డాక్టరు చెప్పిందే పట్టాలి.

ఈసారి అమ్మానాన్నలకు ఆర్డరు పెట్టేముందు డబ్బా మీది బొమ్మను వదిలేసి, వెనకవైపు మాంసకృత్తులు ఎన్ని గ్రాములో, గడువు ఏ నెల వరకో చదవండి.