చెప్పుకోలేని చోట నొప్పి

విజయనగరం జిల్లా గరివిడిలో ఫేకర్ ఫెర్రో అల్లాయ్స్ ఫర్నేసుల దగ్గర ఒళ్లు వంచినవాళ్ల నడుం నొప్పి గురించి ఊరంతా మాట్లాడుకుంటుంది. బొడ్డు కింద, గజ్జల్లో, బీజాల వెనక నెలల తరబడి సలిపే నొప్పి గురించి మాత్రం మగాడు పెళ్లానికి కూడా చెప్పడు. దాని గురించి తెలుసుకోదగ్గ సంగతులు కొన్ని.

✦ గడిచిన ఆరు నెలల్లో కనీసం మూడు నెలలు ఈ నొప్పి ఉండి, పరీక్షల్లో సూక్ష్మజీవి దొరకకపోతే దాన్ని దీర్ఘకాలిక కటి నొప్పి అంటారు. వయసొచ్చిన మగవారిలో నూటికి ఇద్దరి నుంచి పదిమంది దాకా దీని బారిన పడుతున్నారని అంచనా. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ 1999లో ప్రోస్టేట్ వాపును నాలుగు రకాలుగా విడదీసింది. మొదటి రెండూ బ్యాక్టీరియా వల్ల వచ్చేవి. మూడోది ఈ నొప్పి. బాధతో వచ్చేవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా ఉండేది ఇదే. ఇది క్యాన్సర్ కాదు.

✦ మరి అందరికీ యాంటీబయాటిక్ ఎందుకు? 2004లో ఉత్తర అమెరికాలో 196 మంది మీద జరిపిన ఒక పరీక్ష ఫలితం వెలువడింది. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్, మూత్రం సులువుగా వచ్చేందుకిచ్చే టామ్సులోసిన్ ఆరు వారాలు వాడినా ఉత్తుత్తి మాత్ర కంటే మేలేమీ కనిపించలేదు. పైగా సిప్రో జాతి మందులతో కండర బంధనాలు తెగే ప్రమాదం ఉందని 2008లోనే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. మూత్రం కల్చర్‌లో సూక్ష్మజీవి దొరికితే యాంటీబయాటిక్ తప్పనిసరి. దొరక్కుండానే మందుల షాపులో స్ట్రిప్పు మీద స్ట్రిప్పు కొనడం డబ్బుకీ ఒంటికీ చేటు.

✦ చాలామందిలో అసలు చిక్కు కండరాల్లో ఉంటుంది. కటి అడుగున మూత్రాశయాన్ని, పేగును మోసే కండరాలు బిగుసుకుపోతాయి. ఆందోళన పడితే ఇంకా బిగుస్తాయి. కూర్చుంటే బరువు, మాటిమాటికీ మూత్రం, సంభోగం తరవాత మంట. నొప్పి వల్ల దిగులు, దిగులు వల్ల మళ్లీ నొప్పి. ఇదంతా మనసు కల్పన అని కొట్టిపారేసేవాళ్ల మాట నమ్మకండి. నొప్పి నిజం, బిగుతూ నిజం.

✦ 2009లో వెలువడిన ఒక చిన్న పరీక్షలో, బిగిసిన ఈ కండరాలను పట్టి సడలించే ఫిజియోథెరపీ పొందినవారిలో నూటికి 57 మందికి గుణం కనిపించింది. మామూలు ఒళ్లు మర్దనతో 21 మందికే. ఇంకో ముఖ్యమైన మాట: మూత్రం ఆపినట్టు కండరాన్ని బిగించే కీగెల్ వ్యాయామం ఇలాంటివారికి నొప్పి పెంచవచ్చు. ఇక్కడ కావలసింది సడలింపు. పొట్ట నిండా నెమ్మదిగా ఊపిరి, బాలాసనం, పావుగంట గోరువెచ్చని నీళ్ల టబ్బులో కూర్చోవడం. ఆటో తోలేవాళ్లు గంటకోసారి దిగి నాలుగడుగులు వేయాలి.

✦ "ఒంట్లో వేడి చేసింది" అని బార్లీ నీళ్లు, మజ్జిగ తాగిస్తారు మన ఇళ్లలో. మంచిదే. చిక్కబడ్డ మూత్రం మంటను పెంచుతుంది. కాఫీ, కారం, మద్యం కొందరికి పడవు. ఏది పడటం లేదో ఎవరికి వాళ్లు గమనించుకోవాలి.

✦ ఉత్తరాంధ్రలో వైద్యుడు ముందు చూడవలసినవి మరో రెండున్నాయి. ఒకటి, క్యూలెక్స్ దోమ తెచ్చే ఫైలేరియా. అందులో బోదకాలే కాదు, బుడ్డ కూడా వస్తుంది. ఆ క్రిమి పిల్లలు రాత్రిపూటే రక్తంలో తిరుగుతాయి, అందుకే రక్తం రాత్రి తీస్తారు. రెండోది, మూత్రనాళం అడుగున ఇరుక్కున్న రాయి. దాని నొప్పి బీజంలోకి దిగుతుంది.

✦ గరివిడి పశువైద్య కళాశాల పిల్లలకు బాగా తెలిసిన సంగతి: విత్తులు తీయని ముసలి మగకుక్కల్లో ప్రోస్టేట్ జబ్బులు మామూలే. నోరులేని కుక్క ఇబ్బందిని పెంచినవాళ్లు కనిపెట్టి తీసుకొస్తారు. నోరున్న మనిషి ఏళ్లకేళ్లు దాచుకోవడం బాధ కలిగిస్తుంది.

✦ నొప్పిని కొలిచే తొమ్మిది ప్రశ్నల పట్టిక ఒకటుంది. మొత్తం 43 మార్కులు. ఆరు మార్కులు తగ్గితే వైద్యం పనిచేస్తున్నట్టు లెక్క. ఒక్క మందుతో తగ్గే జబ్బు కాదు కాబట్టి ఈ లెక్క ఓపిక నిలుపుతుంది.

✦ జ్వరంతో చలి, మూత్రంలో రక్తం, మూత్రం రాకుండా ఆగిపోవడం ఉంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. బీజంలో ఉన్నట్టుండి తీవ్రమైన నొప్పి వస్తే అది మెలిక పడి ఉండవచ్చు. ఆరు గంటలు దాటితే దాన్ని కాపాడటం కష్టం.

గరివిడిలో రైలెక్కితే విజయనగరం దగ్గరే. 2023లో అక్కడ ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. ఇంకా పెద్ద వైద్యానికి విశాఖ కేజీహెచ్ ఆసుపత్రి ఉంది. వెళ్లినప్పుడు మాత్రం కడుపునొప్పి అని తప్పించుకోకండి. నొప్పి ఎక్కడుందో అక్కడే ఉందని చెప్పండి.