రన్‌వే నేవీది... రాకపోకలు మనవి

వన్ టౌన్ (విశాఖపట్నం): విశాఖపట్నానికి ఊరి సొంత విమానాశ్రయం ఎన్నడూ లేదు. ఈ సంగతి పట్నంలోనే చాలామందికి తెలియదు. ఎన్.ఎ.డి. కొత్తరోడ్డు దాటి గాజువాక వెళ్ళే దారిలో కనిపించే ఎయిర్‌పోర్టులో రన్‌వే నౌకాదళానిది. విమానానికి దారి చూపే కంట్రోల్ టవరు కూడా వారి చేతిలోనిదే. ప్రయాణికుల టెర్మినల్ భవనం మాత్రం కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎయిర్‌పోర్ట్స్ అథారిటీది. నగరపాలక సంస్థకు రన్‌వేపై ఏ హక్కూ లేదు.

పొరుగువాడి కళ్ళంలో ధాన్యం నూర్చుకునే రైతు ఆ ఆసామి పని అయ్యేదాకా ఆగాలి. ఇక్కడ పౌర విమానాల పరిస్థితి అలాగే నడిచింది. నేవీ శిక్షణ విమానాలు ఎగిరే వేళల్లో పౌర విమానాలకు అనుమతి పరిమితం. 2023-24 చలికాలంలో రన్‌వేకు కొత్త పూత వేసినప్పుడు కొన్ని నెలలపాటు రాత్రి విమానాలు ఆగిపోయాయి.

యుద్ధం నాటి నేల

ఈ విమానాశ్రయం ప్రజల ప్రయాణం కోసం పుట్టలేదు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ హార్బరుపై బాంబులు వేశాయి. హార్బరుకు ఆనుకుని ఉన్న వన్ టౌన్ జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పరుగు తీశారు. అప్పుడు పట్నం వారికి అన్నం పెట్టి, అరుగుల మీద చోటిచ్చింది మన పల్లెలే. ఆనాడు పడిన బాంబు ఒకటి బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో నేటి తరానికి గుర్తుగా నిలిచింది. ఆ యుద్ధ కాలంలోనే బ్రిటిష్ వారు ఇక్కడ విమానాలు దిగే నేల సిద్ధం చేశారు.

1968లో తూర్పు నౌకాదళ కేంద్రం విశాఖలో ఏర్పడింది. 1981లో పౌర విమానాలు మొదలయ్యాయి. అప్పట్లో రోజుకు ఒక్క విమానమే. 1991 అక్టోబరు 21న నౌకాదళ వైమానిక స్థావరానికి 'ఐ.ఎన్.ఎస్. డేగ' అని పేరు పెట్టారు. కోడిపిల్లను తన్నుకుపోయే మన డేగ పేరే అది.

10, 28 అంటే...

మొదటి రన్‌వే పొడవు సుమారు 6 వేల అడుగులు. పెద్ద విమానాలకు అది చాలదు. అందుకే 10 వేల అడుగుల కొత్త రన్‌వే వేసి 2007 జూన్‌లో ప్రారంభించారు. 2009 ఫిబ్రవరిలో కొత్త టెర్మినల్ వచ్చింది.

ఈ పెద్ద రన్‌వేను '10/28' అంటారు. అది దిక్సూచి లెక్క. ఉత్తరం నుంచి కుడిచేతివైపు లెక్కపెడితే తూర్పు 90 డిగ్రీలు, పడమర 270. రన్‌వే ఒక కొస నుంచి చూస్తే దిక్కు సుమారు 100 డిగ్రీలు. చివరి సున్నా తీసేస్తే 10. అవతలి కొస నుంచి చూస్తే 280, అంటే 28. ఎదురుగాలి రెక్కలకు ఎత్తు ఇస్తుంది గనుక విమానం సాధారణంగా గాలికి ఎదురుగానే లేస్తుంది, దిగుతుంది. తూర్పారబట్టే రైతులాగే పైలట్ కూడా ముందు గాలివాటం చూసుకోవాలి.

నీటి దెబ్బ, గాలి దెబ్బ

విమానాశ్రయం ఉన్నది పల్లపు ప్రాంతం. 2005 వానలకు మేఘాద్రిగెడ్డ నీరు పొంగి ఎయిర్‌పోర్టును ముంచింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను టెర్మినల్ పైకప్పును పెళ్ళగించింది. రాకపోకలు తిరిగి మొదలయ్యేసరికి 17వ తేదీ అయింది. రోడ్లు చెట్లతో మూసుకుపోయిన అలాంటి రోజుల్లోనే పట్నానికి దగ్గరగా రన్‌వే ఉండడం విలువైన సంగతి.

చేప తలకాయ కూడా ప్రమాదమే

విమానానికి పెద్ద శత్రువు పక్షి. ఎగిరే సమయంలో గద్ద ఇంజనులో పడితే ప్రాణాల మీదికి వస్తుంది. అందుకే ఎయిర్‌పోర్టు చుట్టూ 10 కిలోమీటర్ల లోపల పక్షులను ఆకర్షించేలా ఆరుబయట పశువులను కోయడం, చెత్త, కుళ్ళు పారబోయడం కూడదని 1937 నాటి విమాన నిబంధనల్లో 91వ నిబంధన చెప్పింది. వన్ టౌన్ ఈ వలయంలోకే వస్తుంది. చేపల వ్యర్థాలు, కోడి పేగులు రోడ్డు పక్క వేస్తే అది వీధి శుభ్రానికి సంబంధించిన మాట మాత్రమే కాదు. ఎయిర్‌పోర్టు దగ్గర ఇల్లు కట్టేవారికి ఎత్తుపై ఆంక్షలు కూడా ఉన్నాయి. మేడ మీద మేడ వేసే ముందు అనుమతి సంగతి విచారించుకోవాలి.

భోగాపురం బాట

పౌర విమానాలను విజయనగరం జిల్లా భోగాపురానికి తరలించాలని ప్రభుత్వాలు నిర్ణయించాయి. 2015లో 15 వేల ఎకరాల మాట వినిపించింది. రైతులు ఆందోళనకు దిగారు. తగ్గుతూ తగ్గుతూ చివరకు 2,200 ఎకరాల పైచిలుకుకు వచ్చింది. 2019 ఫిబ్రవరిలో ఒక ముఖ్యమంత్రి, 2023 మేలో మరో ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. జి.ఎం.ఆర్. సంస్థ నిర్మాణం చేపట్టింది. రన్‌వే పొడవు 3.8 కిలోమీటర్లు. అల్లూరి సీతారామరాజు పేరు పెట్టారు. 2026 జనవరిలో పరీక్షా విమానం దిగింది.

అది నౌకాదళం వేళలతో పని లేని విమానాశ్రయం. ఆ మేరకు మేలే. అయితే విశాఖకు అది సుమారు 45 కిలోమీటర్ల దూరం. గాజువాక, అనకాపల్లి వైపు వారికి ఇంకా దూరం. దాని కోసం జీడితోటలు, కొబ్బరిచెట్లు, ఇళ్ళు వదులుకున్న పల్లెలవారి త్యాగాన్ని కూడా మరువరాదు.

చిన్న విమానానికి చోటేదీ?

పెద్ద విమానాలు తరలడం ఒక ఎత్తు. చిన్న విమానాల సంగతి మరో ఎత్తు. రోగిని తీసుకెళ్ళే అంబులెన్స్ విమానం, అవయవాలు మోసే విమానం, తుఫాను నష్టం చూసే విమానం, శిక్షణ విమానం - వీటికి టిక్కెట్లు, టైం టేబులు ఉండవు. అవసరం వచ్చినప్పుడు ఎగరాలి. ఆస్పత్రికి దగ్గరగా దిగాలి.

అమెరికాలో ఇలాంటి చిన్న విమానాల కోసమే పట్టణాలు సొంత విమానాశ్రయాలు నడుపుకుంటున్నాయి. లాస్ ఏంజెలెస్ నగరపాలక సంస్థకు చెందిన వాన్ నైస్ విమానాశ్రయం అలాంటిదే. అంత దూరం పోనక్కరలేదు. 2008 మార్చి 23న శంషాబాద్ మొదలైనప్పుడు హైదరాబాద్ బేగంపేటలో మామూలు ప్రయాణికుల విమానాలు ఆగాయి. కాని నిజాం కాలం నాటి ఆ విమానాశ్రయానికి తాళం పడలేదు. ప్రత్యేక విమానాలు, శిక్షణ విమానాలు అక్కడే దిగాయి, ఎగిరాయి. గోవాలో 2023 జనవరిలో మోపా వచ్చినా, నేవీ నేలపై ఉన్న దాబోలిం మూతపడలేదు.

విశాఖలోనూ ఇలాంటి వెసులుబాటు కావాలి. రన్‌వే ఎలాగూ నౌకాదళానికి అవసరమే, దాన్ని ఎవరూ తవ్వేయరు. దేశ రక్షణకు అడ్డు రాకుండా, రోజులో కొన్ని వేళలైనా అంబులెన్స్ విమానాలకు, ఆపద వేళ సహాయ విమానాలకు అనుమతి రాతపూర్వకంగా ఖాయం చేస్తే చాలు. ఎం.పి.లు, ఎమ్మెల్యేలు, నగరపాలక సంస్థ కలిసి నౌకాదళంతో, కేంద్రంతో మాట్లాడాలి. తుఫాను వచ్చాక అడిగే మాట కాదిది.