మధ్యలో తెగిన రైలుదారి

పోలండు దేశం ఆగ్నేయ మూల, కార్పాతియన్ కొండల్లో ఒక పాత రైలుదారి ఉంది. దాని గురించి నేను తెలుసుకున్నది రాస్తున్నాను.

ఈ దారి ప్షెమిషల్ పట్నంలో మొదలై ఖిరివ్, జాగుష్ ఊళ్ల మీదుగా వుప్కుఫ్ కనుమకు పోతుంది. అప్పట్లో అది ఆస్ట్రియా-హంగేరీ రాజ్యం. ప్షెమిషల్‌లో వాళ్ల పెద్ద కోట ఉండేది. హంగేరీ నుంచి అక్కడికి సైన్యాన్ని తొందరగా తేవాలని 1872లో ఈ దారి వేశారు. కొండ అడ్డం ఉంటే 416 మీటర్ల సొరంగం తవ్వారు. అది 1874లో తెరిచారు.

1944లో జర్మను సైన్యం వెనక్కిపోతూ సొరంగాన్ని పేల్చేసింది. తర్వాత బాగుచేశారు. కానీ యుద్ధం అయ్యాక సరిహద్దు మారింది. ఖిరివ్ ఉన్న మధ్య ముక్క సోవియట్ దేశంలోకి పోయింది. ఇప్పుడది ఉక్రెయిన్. పోలండువాళ్లు తమ ఊరి నుంచి తమ ఊరికే పోవాలన్నా పరాయి దేశం దాటాలి! రైల్లో సోవియట్ సైనికులు తుపాకులతో కాపలా ఉండేవారు. మధ్యలో ఎవరూ దిగకూడదు. 1994లో ఆ రైళ్లూ ఆగాయి. సానొక్ నుంచి ఖిరివ్ పోయే రైలు 2010లో ఆగింది.

సొరంగం వైపు దారి మాత్రం ఇంకా ఉంది. ఈమధ్య ఏళ్లలో వేసవి శని, ఆదివారాల్లో స్లొవాకియాకు రైలు నడిచింది. రెండు దేశాల సరిహద్దు సొరంగం లోపలే ఉంది.

దారి వేసింది సైన్యం కోసమే. కానీ రైలు ఆగిపోతే సంతకీ, చుట్టాలింటికీ పోలేక ఇబ్బంది పడేది అక్కడి జనమే. పటం మీద గీత గీసేటప్పుడు వాళ్లని ఎవరు అడిగారు? మీరూ అట్లాసు తీసి ఈ ఊళ్లు వెతకండి.