పాత బండికి క్రొత్త ఇంజను

ఇంటిలో పురుషులు బండ్లను గూర్చి మాటలాడుకొనుచుండగా మనము మెల్లగా వంటయింటిలోనికి లేచిపోవుట వాడుక. ఆ వాడుకను నేనును చాల యేండ్లు పాటించితిని. ఈసారి పాటింపలేదు. ఏలయన, బండిలో పోయదలచిన రూపాయలు నా చిట్టీవి. ఆ బండి ముందుసీటున కూర్చుండునది నేను. వెనుకసీటున నిద్రపోవునది నా కూతురు. కావున పాత బండికి క్రొత్త ఇంజను పెట్టింపవలెనా, దానిని విడిచి వేఱొక బండి కొనవలెనా యను తగవులో నేనును ఒక పక్షముగా నిలిచితిని. ఇట్టి తగవు మీ యింట కారును గూర్చి కాక మోటారుసైకిలును గూర్చి రావచ్చును. లెక్క మాత్ర మొకటే.

మాది కరీంనగరము. మా మామగారు 2003లో ఉద్యోగము విరమించినపుడు చేతికి వచ్చిన సొమ్ముతో రెండు తలుపుల జెన్ కారును కొనిరి. మారుతి కంపెనీవారు ఆ యేడు రెండు తలుపుల జెన్ బండ్లను కొలదిగా చేసి, నల్లనివానికి కార్బన్ అనియు, వెండిరంగువానికి స్టీల్ అనియు పేరిడిరి. మాది వెండిరంగుది. వెండితీగె పనికి పేరుపొందిన ఊరివారికి ఆ రంగు నచ్చుట వింత కాదు గాని, పెన్షను పుచ్చుకొను మనిషి పడుచువాని బండి కొనెనేమని వీథిలోనివారు నవ్విరట. కొండగట్టు ఆంజనేయస్వామి యెదుట బండిపూజ చేయించి, చక్రముల క్రింద నిమ్మకాయలు త్రొక్కించి ఇంటికి తెచ్చిరి. నేను కోడలినై ఈ యింటికి వచ్చినదియు ఆ బండిలోనే. వెనుకకు పోవలెనన్న ముందుసీటు మడిచి, వంగి దూరవలెను. పట్టుచీర గట్టిన పెండ్లికూతురు ఆ పని చేయుట యెట్లుండునో మీరే యూహింపుడు.

జెన్ కూడ స్పోర్ట్సుకారేనా యని తెలిసినవారు నవ్వవచ్చును. మన దేశమున అట్టి బండ్లు అరుదు. గోవాలో శాన్ స్టార్మ్ అను ఇద్దరు కూర్చుండు బండిని కొంతకాలము చేసిరి. దానిని చూచినవారే తక్కువ. మధ్యతరగతి కుఱ్ఱవానికి అందినది 1993లో వచ్చిన జెన్. ఇంజను 993 సీసీలే; కాని ఒడలు తేలిక. ర్యాలీ పందెములలో దానిని తోలినవారు పలువురు కలరు. తేలికబండికి ఇంకొంచెము బలము చేర్చినచో గాలివలె పోవునని అప్పటినుండి ఇప్పటివరకు పడుచువాండ్ర నమ్మకము. మా మరిదియు ఆ నమ్మకము గలవాడే.

2016లో మామగారు కాలము చేసిన పిదప బండి అతని చేతికి వచ్చినది. మొదట అల్లాయ్ చక్రములు, వానికి తగిన వెడల్పు టైర్లు వేయించెను. మఱుసటి యేడు బండి నేలకు దగ్గఱగా నుండవలెనని పొట్టి స్ప్రింగులు. ఆమీద గర్జించు సైలెన్సరు. పిదప చిన్న స్టీరింగు. ప్రతిసారియు ఇదియే కడపటిదనెడివాడు. ఆ మాట అబద్ధమని నేననను; అనునపుడు అతడు నమ్మియే యనెను. వెడల్పు టైరు వేసినపిమ్మట స్టీరింగు బరువెక్కును. స్ప్రింగు పొట్టిదైన షాకబ్సార్బరు త్వరగా పోవును. ఒక మార్పు చేసినచో అది ఇంకొక మార్పును వెంటబెట్టుకొని వచ్చుచుండెను.

చివరకు ఇంజను వంతు వచ్చినది. మారుతి వారిదే ఎస్టీమ్ అను కారునకు 1298 సీసీల ఇంజను ఉండెను. జెన్ ఇంజనుకు 60 గుఱ్ఱముల బలమైన, దానికి 85. రెండును ఒక కుటుంబపు ఇంజనులు గనుక, పాత ఎస్టీమ్ ఇంజనును తెచ్చి జెన్‌లో కూర్చుండబెట్టుట దేశమున చాలమంది చేసినదే. గేరుపెట్టెతో కూడ 1,40,000 రూపాయలగునని మేస్త్రీ చెప్పెను. నా చిట్టీ ఎత్తినది 1,50,000. "వదినా, ఈ ఒక్క ఇంజనైతే మల్ల నిన్నేం అడుగ" అని మరిది వచ్చి నిలిచెను. తల్లి వంటి దానను, లేదనలేకపోతిని. ఆదిలాబాదు పెండ్లి అయిన తరువాత చూతమంటిని.

ఆ పెండ్లినుండి తిరిగివచ్చునపుడే యది జరిగినది. ఆదిలాబాదు నుండి నిర్మలునకు క్రొత్త జాతీయరహదారి యున్నది. కాని చెట్లనీడ చూడవలెనని మహబూబ్ ఘాట్ పాతదారిని పట్టితిమి. దిగుడుదారి, మలుపుమీద మలుపు. మరిది తోలుచుండెను, నేను ముందుసీటున, మా వారును అమ్మాయియు వెనుక. నాలుగైదు మలుపులు గడచినపిదప అతడు బ్రేకు త్రొక్కగా కాలు మెత్తగా లోనికి పోయెను. రెండుమూడుమారులు త్రొక్కెను. ఏమియు మాటలాడలేదు; ఆ మౌనమే నాకు తెలిపినది. గేరు తగ్గించి, హ్యాండుబ్రేకును కొంచెము కొంచెముగా లాగుచు, కొండవైపు మట్టిగట్టునకు బండిని ఒరయించి ఆపెను. అమ్మాయి లేవను కూడ లేదు. నాకు మాత్రము కొండగట్టు తలపునకు వచ్చినది. 2018 సెప్టెంబరు 11వ తేదీన ఆ ఘాటుదారిలో క్రిక్కిఱిసిన బస్సు లోయలో పడి అరువదిమందికి పైగా మరణించిరి. అందు స్త్రీలే యెక్కువ. మా ప్రాంతమున దిగుడుదారియనగా నాటినుండి స్త్రీల గుండె గుబ్బుమనును.

బండి చల్లబడిన పిమ్మట మెల్లగా నిర్మలు చేరితిమి. అచ్చటి ముసలి మేస్త్రీ బ్రేకు ఆయిలు డబ్బా మూత తీసి మాకు చూపెను. కాఫీ డికాక్షనువలె నల్లగా నున్నది. ఆ ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొనునట. దిగుడులో మాటిమాటికి బ్రేకు త్రొక్కగా వేడెక్కి, అందలి నీరు మరిగి బుడగలగును. త్రొక్కిన బలమంతయు ఆ బుడగలను నొక్కుటకే సరిపోవును, చక్రమును చేరదు. రెండేండ్లకొకసారి మార్చవలసిన ఆయిలు. ఎప్పుడు మార్చితివని అడుగగా మరిది తల వంచుకొనెను. మేస్త్రీ రబ్బరు గొట్టమును వంచి దాని పగుళ్లు చూపి, "ఇంజన్ మంచిగున్నది, ఉరుకుతది. ఆగుడే కష్టం" అనెను.

నేను ఆ సమయమున ఊరకుండక స్టెప్నీ టైరుమీది అక్షరములను చదువుచుంటిని. చిన్నప్పుడు తాతగారు తాటాకు పుస్తకములు చదివించిన అలవాటు. ఎక్కడ గీతలున్నను చదువకుండలేను. టైరు ప్రక్కను చిన్న గడిలో నాలుగంకెలుండును. మొదటి రెండు వారము, తరువాతి రెండు సంవత్సరము. అది 1411: అనగా 2011లో పదునాలుగవ వారమున పుట్టిన టైరు! పళ్లు క్రొత్తవానివలె నున్నవి, రబ్బరు మాత్రము ముదుసలిది. ఈ నాలుగంకెలను మీరును నేడే మీ బండికి చూచుకొనుడు. చదువుటకు గ్యారేజి వారు అక్కఱలేదు.

ఇంటికి వచ్చి పద్దుపుస్తకము తీసితిని. ఎనిమిదేండ్లలో బండిమీద వ్రాసిన పద్దులన్నియు కూడితిని. మొత్తము 2,18,000 రూపాయలు. అందులో బండిని ఆపుటకు, అనగా బ్రేకులకు పెట్టినది 3,400. మా వారు లెక్కల మాస్టరు. నా పుస్తకము ప్రక్కనే ఆయన ఇంకొక లెక్క వేసిరి. గంటకు 60 కిలోమీటర్ల వేగము 80 అయినచో పెరిగినది మూడవవంతే. కాని ఆపవలసిన శక్తి వేగముయొక్క వర్గమునుబట్టి పెరుగును: 36 ఉన్నచోట 64, అనగా రెట్టింపునకు కొంచెమే తక్కువ. 85 గుఱ్ఱములను తెచ్చి కట్టుదుము సరే, కళ్లెము మాత్రము 60 గుఱ్ఱములది; అదియు చివికినది.

మఱునాడు కరీంనగరములో బండిని పైకెత్తి చూపించితిమి. తలుపుల క్రింది అంచులును, నేలరేకు ఒకచోటను ఇరువది వానకాలములకు తుప్పు పట్టియున్నవి. అది చూచినపుడు నాకు భారతములోని కథ గుర్తు వచ్చినది. యుద్ధము ముగిసినపిదప కృష్ణుడు అర్జునుని ముందుగా రథము దిగుమనెను. తాను దిగినవెంటనే ఆ రథము భగ్గున మండి బూడిదయైనది. ద్రోణకర్ణుల యస్త్రములచే అది యంతకుముందే కాలిపోయినది, తాను కూర్చుండుటచే నిలిచినదని కృష్ణుడు చెప్పెను. మా బండిని నిలిపియుంచినది మామగారి మీది ప్రేమ. కాని మనకు సారథిగా కృష్ణుడు లేడు, మా మరిది యున్నాడు.

చట్టము సంగతియు చెప్పవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టములో 52వ సెక్షను బండిని తయారుచేసినవారి వివరములకు భిన్నముగా మార్చుట కూడదనుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ మాటనే గట్టిగా చెప్పినది. రంగు మార్చుట వంటివి వేఱు; ఇంజను మార్చినచో ఆర్.సి. పుస్తకమున ఎక్కవలెను. ఎక్కింపక తోలి ప్రమాదము జరిగినచో బీమావారికి కాదనుటకు దారి దొరకును. ఇక రిజిస్ట్రేషను. మా బండి పదునైదేండ్లు 2018లో నిండినవి; తరువాత అయిదేండ్లకొకసారి తిరుగవ్రాయింపవలెను. 2018లో రుసుము 600. 2022 ఏప్రిలు నుండి 5,000 అయినది. ఇరువదియేండ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో 10,000 చేసిరి. తుక్కునకిచ్చి క్రొత్తది కొన్నవారికి పన్నులో తగ్గింపు ఈయవచ్చునని 2021 నాటి కేంద్రవిధానము.

ఇవియన్నియు విని మరిది ఊరకుండలేదు. అతని వాదమును నేను తక్కువ చేయను. క్రొత్త కారు కొనుట యనగా ఏడేండ్లు బ్యాంకునకు కిస్తులు కట్టుటయనెను. ఈ బండి ఉట్నూరు దారిలో ఆగినను పానాతో ఎవడైనను బాగుచేయును. క్రొత్తది ఆగినచో కంప్యూటరు తెచ్చి తగిలింపవలెననెను. ఉన్నదానిని పారవేసి క్రొత్తది చేయుటకు ఎంత ఇనుము, ఎంత బొగ్గు కావలెనో యనెను. ఇది మూడింటను నిజమైనది. కాని యివి బండిని బాగుచేసి యుంచుకొనుటకు చెప్పదగిన మాటలు; దానిని వేఱొక బండిగా మార్చుటకు చెప్పదగినవి కావు. ఈ రెంటిని అతడు ఎనిమిదేండ్లుగా ఒక్కటే యనుకొనెను. హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదములో నిజామువారి రోల్స్‌రాయిస్ కారు, 1912 నాటిది, ఉన్నది. దానిని చూడ జనము వచ్చుట అది ఎట్లు చేసిరో అట్లున్నందుననే గాని, ఎవరో వెడల్పు చక్రములు వేసినందున గాదు.

నేనాడిన మాట ఒకటే. క్రొత్తబండ్లలో ఏ.బి.ఎస్. బ్రేకులు 2019 ఏప్రిలు నుండియు, తోలువాని యెదుట గాలిసంచి ఆ యేటి జూలై నుండియు తప్పనిసరి చేసిరి. తోలువాని ప్రక్కను కూర్చుండువారికి గాలిసంచి తప్పనిసరియైనది 2021లో. ఆ ప్రక్కసీటు మన యిండ్లలో ఎవరిది? మా జెన్‌లో రెండింటిలో ఏదియు లేదు, ఏ మేస్త్రీయు పెట్టలేడు.

అత్తమ్మ అంతవరకు చిక్కుడుకాయలు ఈనెలు తీయుచు వినుచుండెను. "మీ నాయిన ఇంజన్ సప్పుడు వినేటందుకు కొన్నడారా ఆ బండి? అందరిని కూసోబెట్టుకొని కొండగట్టుకు తీస్కపోయేటందుకు కొన్నడు" అనెను. ఇంకేమియు అనలేదు. మరిది లేచి బయటికి పోయెను. ఆ రాత్రి అన్నము కూడ ఆలస్యముగా తినెను.

తరువాత నెలరోజులకు ఒక యొప్పందమునకు వచ్చితిమి. నా చిట్టీ సొమ్మును, మా వారు దాచినదియు కలిపి, 2022లో చేసిన వాడిన కారు నొకదానిని కొంటిమి. రెండు గాలిసంచులున్నవి, నాలుగు తలుపులున్నవి, అత్తమ్మ వంగకుండ ఎక్కుచున్నది. జెన్‌ను అమ్మలేదు. వెడల్పు చక్రములు, పొట్టి స్ప్రింగులు అమ్మగా వచ్చిన దానికి మరిది తన జీతమునుండి కొంత చేర్చి, కంపెనీ కొలత టైర్లు, స్ప్రింగులు, బ్రేకు గొట్టములన్నియు క్రొత్తవి వేయించెను; తుప్పురేకు కోయించి అతికించెను. 38,000 అయినది. ఘాటుదారి లేదు, పసిపిల్లలను ఎక్కించుట లేదు. ఆదివారమునాడు మానేరు డ్యాము కట్టవరకు పోయి వచ్చును. గర్జించు సైలెన్సరును మాత్రము అమ్మక, వసారాలో మేకునకు వ్రేలాడదీసియున్నాడు. నేను చూచియు చూడనట్లున్నాను.

ఏబదియేండ్లు దాటిన బండ్లకు 2021లో వేఱు రిజిస్ట్రేషను పెట్టిరట; మా జెన్ 2053లో ఆ వరుసలోనికి వచ్చునని మరిది అప్పుడే లెక్క వేసెను. నాకు అంత దూరపు చూపు లేదు. దాని రిజిస్ట్రేషను 2028లో ముగియును. రేకులను మఱల పైకెత్తి చూచి, అప్పటి రుసుమెంతో విచారించి, అప్పుడు మాటలాడుకొందుమని చెప్పితిని. ఆ తేదీని పద్దుపుస్తకపు అట్టలోపల వ్రాసియుంచితిని.